స్టేజ్ లైటింగ్ విజువలైజర్ నేర్చుకుంటున్నా: ఇప్పటిదాకా ఎక్కడికి వచ్చానంటే

లైటింగ్ సరదాగా నేర్చుకుందామంటే హాలు దొరకదు, లైట్లు వేలాడదీసే చట్రం (ట్రస్) దొరకదు, లైట్లు అసలే దొరకవు. కంప్యూటర్‌లోనే స్టేజ్ కట్టి, లైట్లు వేలాడదీసి, లైట్లను నియంత్రించే కన్సోల్ సాఫ్ట్‌వేర్‌తో నడిపించే విజువలైజర్ ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఏది తీసుకున్నానో, ఎంతవరకు పట్టుబడిందో రాసిపెడుతున్నాను.

పేరున్నవి చాలానే ఉన్నాయి: క్యాప్చర్, విజివిగ్, డెపెన్స్, వెక్టర్‌వర్క్స్ విజన్. డెపెన్స్ డెమోల్లో పొగ, ఫౌంటెన్లు చూస్తే కళ్లు తిప్పుకోలేం. అయినా కొత్తవాళ్లు బొమ్మ అందం చూసి ఎంచుకోకూడదనే నేనంటాను. మనం నేర్చుకునే కన్సోల్‌తో అది ఎంత తేలిగ్గా కలుస్తుందో చూడాలి. కన్సోల్ సాఫ్ట్‌వేర్లలో గ్రాండ్‌ఎంఏ3 ఆన్‌పీసీకి 3డీ వ్యూ లోపలే ఉంది. ఇయోస్‌లో ఆగ్మెంట్3డీ, మ్యాజిక్‌క్యూకు మ్యాజిక్‌విజ్ అనే విజువలైజర్లు ఉన్నాయి. వీటిలో నెట్‌వర్క్ తలనొప్పి పెద్దగా ఉండదు. త్వరగా క్యూలు (ఏ క్షణంలో ఏ లైటు ఎలా వెలగాలో చెప్పే ఆదేశాలు) రాయాలనుకునేవాళ్లకు ఇదే మంచి దారి.

నేను మాత్రం క్యూఎల్‌సీ ప్లస్‌ను కన్సోల్‌గా, బ్లెండర్ డీఎంఎక్స్‌ను విజువలైజర్‌గా పెట్టుకున్నాను. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. అంతకన్నా ముఖ్యం, ఈ రెంటినీ ఆర్ట్‌నెట్ లేదా ఎస్‌ఏసీఎన్‌తో (లైటింగ్ సిగ్నల్‌ను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతులు) మనమే కలపాలి. నిజమైన స్టేజ్ మీద సిగ్నల్ వెళ్లేదీ చాలాచోట్ల ఆ దారినే, కాబట్టి ఈ శ్రమ వృథా పోదు.

రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉంటే ఆర్ట్‌నెట్‌ను 127.0.0.1కి (అంటే అదే కంప్యూటర్‌కు) పంపితే చాలు. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇవ్వాలి. ఆర్ట్‌నెట్‌లో యూనివర్స్ (చానెళ్ల గుంపు) లెక్క 0 నుంచి, ఎస్‌ఏసీఎన్‌లో 1 నుంచి మొదలవుతుంది. అందుకే అంతా సరిగ్గానే ఉన్నట్టుండి లైటు వెలగకపోతే ముందు యూనివర్స్ నంబర్‌ను ఒకటి అటో ఇటో మార్చి చూడాలి.

ఎక్కువ సమయం ప్యాచ్ (ఏ లైటుకు ఏ అడ్రస్ అని కేటాయించడం) దగ్గరే గడిపాను, అది మంచిదే అయింది. ఒక యూనివర్స్‌లో 512 చానెళ్లు, ఒక్కో చానెల్ లైటులో ఒక్కో గుణాన్ని నడుపుతుంది. 16 చానెళ్ల మూవింగ్ హెడ్లు (తల తిప్పే లైట్లు) అయితే అడ్రస్‌లు 1, 17, 33, 49... అలా 32 లైట్లకు యూనివర్స్ నిండిపోతుంది. ఒకే లైటుకు రెండు మూడు మోడ్‌లుంటాయి. కన్సోల్‌లో 16 చానెళ్ల మోడ్, విజువలైజర్‌లో 20 చానెళ్ల మోడ్ పెడితే ఒకదాని అడ్రస్‌ల మీదికి ఇంకొకటి వచ్చి పడుతుంది. రెండో లైటు డిమ్మర్ ఎత్తితే మొదటి లైటు ఏ రంగో మార్చుకోవచ్చు. ఫిక్చర్ (లైటు) వివరాలుండే జీడీటీఎఫ్ ఫైల్ తీసుకుంటే మోడ్‌ల జాబితా అందులోనే ఉంటుంది. రెండు చోట్లా ఒకే మోడ్ పేరు ఉందో లేదో చూసుకుంటే సరి.

ప్యాన్‌కు (లైటు తల అడ్డంగా తిరగడానికి) అదనంగా ఫైన్ చానెల్ ఎందుకో లెక్క వేసి చూసుకున్నాను. ఒక్క చానెల్‌లో ఉండేవి 0 నుంచి 255 వరకు విలువలే. ప్యాన్ 540 డిగ్రీలు తిరిగే లైటులో ఒక్కో అడుగు దాదాపు 2.1 డిగ్రీలు. అంటే 10 మీటర్ల దూరంలో బీమ్ ఒక్కసారిగా సుమారు 37 సెంటీమీటర్లు జరుగుతుంది! గాయకుడి ముఖం మీది వెలుగు భుజం దాటి పోతుంది. ఫైన్ చానెల్ కలిస్తే 65,536 విలువలు, కదలిక నున్నగా సాగుతుంది. మోడ్ ఎంచుకునేటప్పుడు 16 బిట్ (ఫైన్ చానెల్ కలిసిన) ప్యాన్, టిల్ట్ (తల పైకీ కిందికీ కదలడం) ఉన్నదే తీసుకుంటున్నాను.

ఇప్పుడు నాలుగు మూవింగ్ హెడ్లు, ముందు నుంచి వెలుగును వెడల్పుగా పరిచే రెండు వాష్ లైట్లతోనే సాధన చేస్తున్నాను. స్టేజ్ మీద మనిషి బొమ్మ తప్పనిసరి. లైటు నేరుగా నెత్తిమీద ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి, ముందు నుంచి 45 డిగ్రీల దగ్గరికి తెస్తే ముఖం తేరుకుంటుంది. ఇది కళ్లారా చూస్తే ఇక మర్చిపోం. హేజ్ (పలుచని పొగ) వేస్తేనే బీమ్ కనిపిస్తుంది, కానీ గ్రాఫిక్స్ కార్డ్ మీద భారం పెరుగుతుంది. ప్రోగ్రామ్ చేసేటప్పుడు తగ్గించి, చివర్లో పెంచుకుంటున్నాను.

విజువలైజర్ చూపే వెలుతురును మాత్రం నమ్మను. ఎక్స్‌పోజర్ కాస్త జరిపితే మసక లైటు కూడా ధగధగలాడుతుంది. దిశ, కదలిక, టైమింగ్ వరకే దాని మాట వింటాను. పొజిషన్లను క్యూలో నేరుగా రాయకుండా ప్యాలెట్లుగా (చాలా క్యూలు వాడుకునేలా విడిగా దాచిన విలువలుగా) దాచే అలవాటు చేసుకుంటున్నాను. అసలు హాలుకు వెళ్లినప్పుడు ట్రస్ ఎత్తు మారినా ఆ కొన్ని ప్యాలెట్లు సరిచేస్తే వాటిని వాడిన క్యూలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

తర్వాత ఒక పాట తీసుకుని మొదటి క్యూ లిస్ట్ పూర్తి చేయాలి. టైమ్‌కోడ్ (పాటతో పాటు క్యూలను తానే నడిపించే సమయ సంకేతం) జోలికి ఇప్పుడే పోను. పాట వింటూ గో బటన్ చేత్తోనే నొక్కుతాను, ఫేడ్ టైమ్‌లు చెవికి, కంటికి కుదిరేదాకా మారుస్తాను. ఆ తర్వాతే స్టేజ్, లైట్ల వివరాలన్నీ ఉండే ఎంవీఆర్ ఫైల్‌తో పెద్ద స్టేజ్ తెచ్చుకుని రెండో యూనివర్స్ మొదలుపెడతాను.