సంతకం
రాజీనామా చేశాక పాత కంపెనీ లాయర్ల ఉత్తరం వచ్చింది. ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదట. జతచేసిన కాగితంలో నా సంతకం కింద పసుపు గీత. అప్పట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో పెద్ద జీతాలవాళ్ల విషయంలో ఆ షరతు చెల్లేది. 2005లో కైఫూ లీ అనే పెద్ద అధికారి మైక్రోసాఫ్ట్ వదిలి గూగుల్‌కి వెళ్తే గొడవ ఇక్కడి కోర్టుకే ఎక్కింది. చైనాలో ఉద్యోగుల్ని తీసుకోవచ్చు గానీ సెర్చ్ జోలికి వెళ్లొద్దన్నారు జడ్జి. డిసెంబరులో రాజీ కుదిరింది.

కాలిఫోర్నియాలో ఇలాంటివి చెల్లవు. మన దేశంలోనూ అంతే, ఉద్యోగం మానేశాక 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి ఈ బెంగ లేదు.

కంపెనీ రహస్యాలు కాపాడమంటే కాపాడతాను. వచ్చిన పని మానుకోమంటే ఇల్లెలా గడుస్తుంది? హెచ్‌1బి వీసా వాళ్లకైతే ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి గడువు మహా అయితే 60 రోజులు. వాళ్లచేత ఈ కాగితం మీద సంతకం పెట్టించుకోవడం అన్యాయం.