రీబేలో ఆర్గానిస్టు లాంగ్‌గోర్

కోపెన్‌హాగన్ నుంచి రీబే వెళ్లడమంటే డెన్మార్క్ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే. రానూపోనూ రైలు టికెట్ చూసి గుండె గుభేలుమంది. ఆ డబ్బుతో గుంటూరు నుంచి ఢిల్లీకి ఏసీలో వెళ్లి రావచ్చు. అయినా డేనిష్ స్వరకర్త రూద్ లాంగ్‌గోర్ పనిచేసిన కెథీడ్రల్ చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

నా ఆఫీసులోని డేనిష్ వాళ్లకే ఆయన పేరు తెలియదు. 1893లో పుట్టి, పదకొండేళ్లకే కోపెన్‌హాగన్ మార్బుల్ చర్చిలో ఆర్గాన్ అనే పెద్ద గొట్టాల వాద్యం వాయించి అందరినీ ఆశ్చర్యపరిచిన పిల్లాడు. పందొమ్మిదేళ్లకు ఆయన మొదటి సింఫనీని బెర్లిన్ ఫిల్హార్మానిక్ ఆర్కెస్ట్రా వాయించింది. ఆ తర్వాత సొంత దేశమే ముఖం చాటేసింది. ఎన్నో చర్చిల్లో ఆర్గానిస్టు ఉద్యోగానికి అర్జీలు పెట్టుకున్నా దక్కలేదు. చివరికి 1940లో, కోపెన్‌హాగన్‌కు ఇంత దూరంలో ఉన్న రీబేలో చోటు దొరికింది. 1952లో ఈ ఊళ్లోనే పోయాడు.

నేను లోపలికి వెళ్లేసరికి ఎవరో ఆర్గాన్ సాధన చేస్తున్నారు. వాయించిన నాలుగు ముక్కలే మళ్లీ మళ్లీ వాయిస్తున్నారు. కాళ్లతో నొక్కే ఆ మంద్రస్వరం బల్ల చెక్కలోంచి నా వెన్నుకు తగిలింది. చుట్టూ టూరిస్టులు కార్ల్ హెన్నింగ్ పెడర్సన్ వేసిన రంగుల బొమ్మలకు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి ఆర్గాన్ వైపు చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

మాదీ లూథరన్ కుటుంబమే. చిన్నప్పుడు గుంటూరులో మా చర్చి హార్మోనియం మాస్టారినీ ఇలాగే చూసేవారు. ఆరాధన అయ్యాక జనమంతా పాస్టరుగారి చుట్టూ మూగేవారు. మాస్టారు ఒక్కడే హార్మోనియం మూసి, గుడ్డ కప్పి, సైకిలెక్కి వెళ్లిపోయేవాడు.

లాంగ్‌గోర్ మొత్తం పదహారు సింఫనీలు రాశాడు. ‘అంటిక్రిస్ట్’ ఒపేరాను రాయల్ థియేటర్ తిప్పికొట్టింది. బతికుండగా దాన్ని రంగస్థలం మీద చూసుకోలేకపోయాడు. 1918కే పూర్తిచేసిన ‘గోళాల సంగీతం’ అనే రచనలో పియానో తీగల్ని నేరుగా చేత్తో మీటించాడు, దూరంగా ఇంకో ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టాడు. ఆయన పోయిన పదహారేళ్లకు ఆ స్వరప్రతి చూసిన, హంగేరీ మూలాలున్న ప్రసిద్ధ స్వరకర్త లిగెటి, తాను లాంగ్‌గోర్‌ని అనుకరిస్తున్నట్టు ఇప్పుడే తెలిసిందన్నాడట. అంతటివాడి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

బయటికొచ్చి చౌక్‌లో ఒక కాఫీ, చేప ముక్క పెట్టిన రొట్టె తీసుకుంటే జేబు ఖాళీ అయింది. ఆకలి మాత్రం తీరలేదు.

రిటర్న్ రైల్లో ఆయన 1948లో రాసిన చిన్న బృందగానం విన్నాను. ‘కార్ల్ నీల్సన్, మన గొప్ప స్వరకర్త’, మాటలన్నీ ఇవే. దీన్ని అనంతకాలం మళ్లీ మళ్లీ పాడుతూనే ఉండాలని స్వరప్రతిలో సూచన. ఒక్క నీల్సన్‌నే నెత్తిన పెట్టుకున్న దేశం మీద కోపమది. ఆ కోపం న్యాయమైనదే అనిపించి, ఓడెన్స దాటేదాకా దాన్నే వింటూ కూర్చున్నాను.