ఇంతకంటే పైకి రాదులే

రాత్రి రెండింటికి వచ్చిన పోటు మా డేరాకి పది అడుగుల ఇవతలే ఆగిపోయింది. తెల్లారుజామున టార్చి వేసి చూస్తే నాచు, పుల్లలు, గవ్వలు ఇసుకలో ఒక వంకర గీతలా పరుచుకుని ఉన్నాయి. పున్నమి పోటే ఇంతవరకు వచ్చిందంటే ఇక భయం లేదనుకున్నాను.

"ఇంతకంటే పైకి రాదులే బావా" అన్నాను. ఆయన గాలానికి ముడి వేసుకుంటూ విననట్టే ఊరుకున్నాడు.

ఎనిమిదింటికి నీళ్లు పూర్తిగా తీస్తాయి. ఆ లోగా కొండ మూల తిరిగి అవతలి రాళ్ల దగ్గరికి చేరి, పోటు మొదలవగానే గాలాలు వేయాలన్నది బావ లెక్క. పొడి ఇసుకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి కాబట్టి చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక అంచునే నడిచాం. ఒకచోట నేలంతా ఆవాలు ఒలకబోసినట్టుంది. వంగి చూస్తే అన్నీ చిన్న చిన్న ఇసుక ఉండలు. గోరంత పీత ఒకటి ఇసుకని నోట్లో పెట్టుకుని, అందులోని తిండి మటుకు తీసుకుని, మిగిలింది ఉండ చేసి కాళ్ల కిందనుంచి వెనక్కి నెడుతోంది. నా నీడ పడగానే కన్నంలోకి దూరింది. అది మళ్లీ బయటికి వస్తుందేమోనని కూర్చుంటే బావ చాలా దూరం వెళ్లిపోయాడు.

రాళ్ల దగ్గర ఆయన ముందు గాలం తీయలేదు, పావుగంట సేపు నీళ్లే చూశాడు. తెల్లగా నురగ విరిగే చోట అడుగున ఇసుక దిబ్బ ఉంటుందట. రెండు నురగల మధ్య ముదురు రంగులో నెమ్మదిగా కనిపించే పాయే లోతు. చేపలు తిరిగేది అందులోనే. మనిషిని సముద్రంలోకి లాక్కుపోయే ప్రవాహం కూడా అలాంటి చోటే ఉంటుంది కాబట్టి స్నానానికి మాత్రం అటు దిగకూడదన్నాడు.

రొయ్య ముక్క ఎర. గంట సేపు ఏమీ పడలేదు. ఆ తర్వాత నా దారం గట్టిగా గుంజింది. ఎగిరి గంతేసి లాగితే జెల్ల. కొక్కెం తీద్దామని చెయ్యి పెట్టబోయాను.

"ముట్టుకోకురా!"

వీపు మీద ఒకటి, రెండు పక్కల రెక్కల దగ్గర చెరొకటి, మూడు ముళ్లు. బెదిరితే నిటారుగా బిగుసుకుంటాయి. రంపంలా పళ్లుంటాయి, విషం కూడా ఉంటుంది. బావ తన బొటనవేలి మీది పాత మచ్చ చూపించాడు. అప్పట్లో ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంట సేపు చెయ్యి ముంచి కూర్చున్నాడట. వేడికి ఆ విషం చెడిపోతుంది, నొప్పి తగ్గుతుంది. తువ్వాలు చుట్టి, పటకారుతో కొక్కెం లాగి దాన్ని నీళ్లలోకి వదిలేశాడు. కాసేపటికి ఆయనకి ఒక గొరక పడింది. చేతిలో గుర్రుగుర్రుమంటుంటే చచ్చేంత నవ్వొచ్చింది నాకు.

ఆ హుషారులో టైము చూసుకోలేదు. పోటు మొదటి గంటలో నీళ్లు పెరిగినట్టే అనిపించవు. ఆరు గంటల పోటులో దాదాపు సగం నీళ్లు నడిమి రెండు గంటల్లోనే వచ్చేస్తాయి. పదకొండింటికి కొండ మూలకి వచ్చేసరికి పొద్దున పొడి కాళ్లతో దాటిన చోట తొడల దాకా లోతు. సంచులు నెత్తిన పెట్టుకుని, అల వెనక్కి తీసినప్పుడల్లా నాలుగడుగులు వేస్తూ, రాతిని పట్టుకుని దాటాం. బావ ఒక్క మాటా అనలేదు. అనుంటేనే నయం.

మధ్యాహ్నం పోటు డేరా జోలికి రాలేదు. రాత్రి గొరకని నిప్పుల మీద కాల్చుకుని తిన్నాం. ఉక్కగా ఉందంటూ బావ తన పక్క దిబ్బ మీదికి మార్చుకున్నాడు.

రెండున్నర దాటాక కాళ్లకి చల్లగా తగిలి లేచాను. డేరాలో నీళ్లు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని నాకు తెలుసు. అసలు పెద్ద పోటు పున్నమి నాడు కాదు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే వస్తుందని మాత్రం తెలియదు.

"బావా!" అని అరిచాను.

"మేకులు పీకి ఇటు లాక్కురా" అన్నాడు దిబ్బ మీంచి. గొంతులో నిద్ర మత్తు ఏ కోశానా లేదు.