కృష్ణుడి వేషం నుంచి శకుని పాత్ర దాకా: సి.ఎస్.ఆర్. ఆంజనేయులు

కౌరవసభలో ద్రౌపదికి చీరలిచ్చి మానం కాపాడిన కృష్ణుడిగా 1936లో వెండితెరకెక్కిన నటుడే, ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత, ఆమెను ఆ సభకు ఈడ్పించిన పాచికలను చేత పట్టుకొని శకునిగా కనిపించాడు. ఆయన పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. తెలుగువాళ్ళకు మాత్రం సి.ఎస్.ఆర్. అంటేనే తెలుస్తుంది. ఈ రెండు పాత్రల నడుమ ఆయన ప్రయాణాన్ని చాలామంది ఒక పతనంగా చెబుతారు: ఒకనాటి నాయకుడు వయసు మీరి, అవకాశాలు తగ్గి, దుష్టపాత్రలకూ హాస్యపాత్రలకూ దిగివచ్చాడని వాళ్ళ లెక్క. నాకు ఆ లెక్క ఏనాడూ సరిగా తోచలేదు. ఆయన పాత సినిమాలను వరుసగా మళ్ళీ చూస్తున్నకొద్దీ, కృష్ణుడి కోసం సాధన చేసిన గొంతునే ఆయన శకునికీ వాడుకున్నాడని, వాడుకలో పదును పెరిగిందే తప్ప తగ్గలేదని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

సి.ఎస్.ఆర్. 1907లో పుట్టాడు. ఆయన పెరిగి పెద్దవాడైన కాలం తెలుగు పద్యనాటకానికి మహావైభవం. మైకు లేదు. ఊరి మధ్య పందిరి వేసి, పెట్రోమాక్స్ దీపాలు వేలాడగట్టి, రాత్రి మొదలుపెట్టిన నాటకం తెల్లవారేదాకా నడిచేది. కంట్రాక్టు నాటకాలలో ఒక్కొక్క పేరున్న నటుడిని ఒక్కొక్క ఊరినుంచి పిలిపించి, ముందుగా కలిసి ఒక్కసారైనా సాధన చేయకుండానే నేరుగా రంగం మీద నిలబెట్టేవారు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం కూడా మామూలే. అటువంటి చోట నటుడికి మిగిలే ఆస్తి వాచికం, అంటే మాట పలికే తీరు, ఒక్కటే. హార్మోనియం శ్రుతిని పట్టుకొని పద్యం ఎత్తుకోవాలి, రాగం సాగదీయాలి, అంత సాగదీసినా మాట విరగకుండా, అర్థం చెదరకుండా ఆఖరి వరుసలో చాప పరుచుకొని కూర్చున్నవాడి చెవిదాకా చేర్చాలి. వన్స్ మోర్ అని కేక పడితే అదే పద్యాన్ని మరో విధంగా పాడి మెప్పించాలి. సి.ఎస్.ఆర్. ఈ బడిలో కృష్ణుడుగా, రామదాసుగా, సారంగధరుడుగా పేరు తెచ్చుకున్నాడు. ఊపిరిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలియనివాడు అక్కడ రెండో రాత్రికి నిలిచేవాడు కాదు.

టాకీలు వచ్చిన కొత్తలో నిర్మాతలు నటుల కోసం వెతుక్కున్నది నాటకాల పందిళ్ళలోనే. పాట పాడేవాడే నటించాలి, నటించేవాడే కెమెరా ముందు పాడాలి కనుక అంతకంటే దారి లేదు కూడా. 1936లో ఒకే కథ మీద రెండు చిత్రాలు పోటాపోటీగా వచ్చిన సంగతి మన సినిమా చరిత్రలో ఒక రుచికరమైన ఘట్టం. ఒకటి హెచ్.వి.బాబు దర్శకత్వం వహించిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. అందులో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది, సి.ఎస్.ఆర్. కృష్ణుడు. రెండోది ‘ద్రౌపదీ మానసంరక్షణం’. అందులో దుర్యోధనుడు సాక్షాత్తూ బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. పేర్ల బరువును బట్టి తూకం వేస్తే రాఘవ ఉన్న చిత్రమే నెగ్గవలసింది, కాని జనం మొదటిదానికే పట్టం కట్టారు. రంగస్థలం మీద ఎంతటివాడైనా కెమెరా ముందు అదే స్థాయిలో నిలుస్తాడన్న భరోసా లేదని ఆ ఏడాదే పరిశ్రమకు తెలిసివచ్చింది. సి.ఎస్.ఆర్. నిలిచాడు.

ఆ తరువాత ఆయనకు దేవుళ్ళూ భక్తులూ వరుసకట్టారు. తుకారాం కథను తమిళంలో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు వంటి సంగీత విద్వాంసుడితో తీసినప్పుడు, తెలుగు తుకారాం సి.ఎస్.ఆరే. 1939లో పి.పుల్లయ్య తీసిన వేంకటేశ్వర మాహాత్మ్యం కథలో ఆయన శ్రీనివాసుడు, శాంతకుమారి పద్మావతి.

తరువాతి కాలం ఆయనకు కలిసిరాలేదనే చెప్పాలి, అయితే అందులో ఆయన తప్పు ఏమీ లేదు. నేపథ్యగానం పద్ధతి 1940లలో పాతుకొనేసరికి పాడే నటుడి అవసరమే తీరిపోయింది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయినప్పుడు నాయకుడికి కావలసినవి యౌవనమూ రూపమూ మాత్రమే. ఆ మలుపులో ఎందరో గాయకనటులు మళ్ళీ నాటకాలకు పోయారు, కొందరు పూర్తిగా కనుమరుగయ్యారు. సి.ఎస్.ఆర్. 1946లో ఎల్.వి.ప్రసాద్ ‘గృహప్రవేశం’ నాటికే తనకు సాంఘిక చిత్రాలలో ఒక చోటు చూసుకున్నాడు. తలమీద కిరీటం తీసేసి మామూలు బట్టలు కట్టుకొని, ఎదుటివాడిని మాటలతో పడగొట్టే పెద్దమనిషి తరహా దుర్మార్గుడి పాత్రలోకి ఆయన అంత సులువుగా ఒదిగిపోవడానికి కారణం నా దృష్టిలో ఒక్కటే. పాట పోయినా ఆయన మాటలో శ్రుతి పోలేదు. సి.ఎస్.ఆర్. సంభాషణను కళ్ళు మూసుకొని వింటే వాక్యం ఒక స్థాయిలో మొదలై, మధ్యలో మెట్టు దిగి, చివరి మాట దగ్గర చటుక్కున పైకి లేస్తుంది. పద్యం ఎత్తుగడా అంతే, ముగింపూ అంతే. రాగం మాత్రం లేదు.

యాభైలలో ఆయన చేసిన పాత్రలన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టే ఉద్దేశం నాకు లేదు. ‘పాతాళభైరవి’లో ఉజ్జయిని రాజుగా ఆయన చేయడానికి పెద్దగా ఏమీ లేదు, రాకుమారి తండ్రికి కావలసిన హుందాతనం ఇచ్చి తప్పుకున్నాడు. 1953 నాటి ‘దేవదాసు’లో పార్వతిని చేసుకున్న జమీందారు పాత్ర అలా తీసిపారేయదగ్గది కాదు. ఎదిగిన పిల్లలున్న విధురుడు చిన్నపిల్లను రెండో పెళ్ళి చేసుకుంటే ప్రేక్షకుడు అతన్ని అసహ్యించుకోవడం సహజం. సి.ఎస్.ఆర్. అటువంటి అసహ్యానికి తావివ్వలేదు. ఎక్కడా వెకిలితనం లేదు, పడుచు పెళ్ళామని చొంగకార్చడం లేదు. తన వయసు తనకు తెలిసిన మనిషిగా, కొంచెం బెరుకుగా, చాలా మర్యాదగా నడుచుకున్నాడు. పార్వతి కష్టానికి కారకుడైన దుర్మార్గుడు అక్కడ ఎవరూ లేరన్నప్పుడే ఆ కథ మరింత బాధిస్తుందన్న సంగతి ఆయనకు తెలుసునేమో.

1954లో భరణీవారి ‘చక్రపాణి’లో చక్రపాణి ఆయనే. నాగేశ్వరరావు, భానుమతి ఉన్న సినిమాకు ఒక ముసలి పిసినారి పేరు పెట్టారంటే ఆ పాత్ర ఎంతటిదో ఊహించవచ్చు. ముందుగా పుట్టే మునిమనవడికి తన లక్ష రూపాయలూ చెందుతాయని ఆ ముసలాయన ప్రకటించడం, ఆ డబ్బు కోసం మనవరాలు ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చి తన బిడ్డగా, ఇంట్లో చేరిన ఒక యువకుడిని తన మొగుడుగా చూపించడం, ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకా అబద్ధాలు ఆడవలసి రావడం, ఇదీ కథ. ఇటువంటి పాత్రను అరుపులతో, దగ్గులతో, వంగిన నడుముతో నడిపించేసే నటులు బోలెడంత మంది ఉంటారు. సి.ఎస్.ఆర్. పిసినారితనాన్ని ఒక సిద్ధాంతంగా నమ్మిన మనిషిలా మాట్లాడతాడు. తాను ఖర్చు పెట్టకపోవడం లోకకల్యాణం కోసమే అన్నంత నిబ్బరం ఆ గొంతులో ఉంటుంది. అందుకే ఆయన మోసపోతున్నప్పుడు నవ్వు వస్తూనే ఉంటుంది, లోపల ఎక్కడో పాపం అని కూడా అనిపిస్తుంది.

మరుసటి ఏడాదే పుల్లయ్య దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ వచ్చింది. గురజాడవారి నాటకాన్ని సినిమాకు కుదించడంలో జరిగిన నష్టాల గురించి విమర్శకులు చాలానే రాశారు. వాటిలో కొన్నిటితో నాకూ ఏకీభావమే. రామప్పంతులు విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. పంతులు దగాకోరు, దళారీ, కోర్టుపక్షి, పైగా తనంత తెలివైనవాడు లేడనుకొని మధురవాణి చేతిలో ప్రతిసారీ బోల్తాపడే వెర్రిబాగులవాడు. తెలివిని అభినయించడం ఒక పని, తెలివి ఉందనుకునే వెర్రిని అభినయించడం మరొక పని. సి.ఎస్.ఆర్. రెండో పనిని ఎలా చేశాడో మధురవాణి ఎదుట ఆయన కూర్చునే తీరులోనే కనిపెట్టవచ్చు. మధురవాణి వేసిన సావిత్రి ఒక్క మాట అంటుంది. ఆయన వెంటనే బదులివ్వడు. ఆ మాటలో తనకు పొగడ్త ఉన్నదో ఎత్తిపొడుపు ఉన్నదో తేల్చుకోలేక కనుబొమలు ఒకసారి కదుపుతాడు, పొగడ్తేనని నిశ్చయించుకుంటాడు, అప్పుడు ముఖమంతా విప్పారుతుంది. నాటకాలలో ఆఖరి వరుసకు వినిపించడానికి శ్రమించిన మనిషి, కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు ఎంత తక్కువ చేయాలో నేర్చుకున్నాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక 1957 నాటి ‘మాయాబజార్’. ఆ చిత్రంలో ఎస్.వి.రంగారావు, సావిత్రి, రేలంగి ప్రేక్షకుడి కళ్ళను ఎటూ తిప్పనివ్వరు, దుర్యోధనుడుగా ముక్కామల, కర్ణుడుగా మిక్కిలినేని ఉండనే ఉన్నారు. అంతమంది మధ్య శకునికి దొరికిన నిడివి తక్కువే. అయినా కౌరవపక్షంలో కథను నడిపించే బుర్ర ఆయనదే కనుక ఆయన గొంతు పెంచవలసిన అవసరం రాదు. చిత్రం చివరలో సత్యపీఠం ఘట్టం ఉన్నది. ఘటోత్కచుడి పరివారం తెచ్చిపెట్టిన ఆ పీఠం మీద కాలు మోపినవాడు నిజం తప్ప చెప్పలేడు. ఆ సంగతి తెలియని శకుని తన పక్షాన్ని సమర్థించుకోవడానికి దాని మీదికి ఎక్కి, శశిరేఖను లక్ష్మణకుమారుడికి అడగడం వెనుక ఉన్న కుట్రను బలరాముడు వింటూ ఉండగా తన నోటితోనే బయటపెట్టేస్తాడు. అబద్ధం ఆడబోయి నిజం చెప్పడం నటుడికి గొప్ప పరీక్ష. మాట ఒక దిక్కుకు పోతుంటే మనిషి ఇంకో దిక్కుకు లాగాలి. సి.ఎస్.ఆర్. ఆ నిజాన్ని తడబడుతూ చెప్పడు, ఎంతో ఉత్సాహంగా, రహస్యం చెప్పుకొనే ఆనందంతో చెబుతాడు. అంతటి కపటికి ఒక్కసారి మనసులో మాట చెప్పుకోవడం ఎంత హాయిగా ఉంటుందో అన్నట్లు ఉంటుంది అది. (ఈ ఘట్టం చూసినప్పుడల్లా ఆ పీఠాన్ని మన శాసనసభల్లో వేయించాలన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అనక మానరు.)

పింగళి నాగేంద్రరావు రాసిన మాటలకు సి.ఎస్.ఆర్. వాచికం తోడైతే ఏమవుతుందో పూర్తిగా తెలిసింది 1961లో, ‘జగదేకవీరుని కథ’లోని బాదరాయణ ప్రగడ పాత్రతో. రాజనాల వేసిన త్రిశోకానంద మహారాజుకు పరస్త్రీ వ్యామోహం తప్ప వేరే రాజకార్యం లేదు, ఆ వ్యామోహానికి గాలి ఊదడం తప్ప మంత్రి ప్రగడకూ వేరే పని లేదు. ‘హే రాజన్, శృంగార వీరన్’ అంటూ ఆయన తీసే పిలుపు ఇప్పటికీ జనం నోట నానుతున్నది. దాన్ని పాత నాటకాల సంబోధన పద్ధతికి ఎగతాళిగా రాశారన్నది స్పష్టం. అటువంటి సంబోధనలను నిజంగానే, పూర్తి నమ్మకంతో, వేలమంది ముందు పలికి చప్పట్లు కొట్టించుకున్న నటుడి నోటికి వాటి వేళాకోళం అప్పగించడం ఇందులోని చమత్కారం. పౌరాణిక వాచికం తెలియని నటుడు అదే మాట అని ఉంటే వట్టి వెక్కిరింతగా మిగిలేది. సి.ఎస్.ఆర్. దాన్ని శ్రుతి తప్పకుండా అంటాడు. పొగడ్తకు కావలసిన గాంభీర్యం అంతా ఉంటుంది, ఆ పొగడ్తకు తగిన రాజు మాత్రం ఎదురుగా ఉండడు.

1959లో వచ్చిన ‘అప్పుచేసి పప్పుకూడు’ను నేను కావాలనే చివరికి ఉంచాను. అందులో ఆయన రావు బహద్దూర్ రామదాసు. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా, గుమ్మంలో అప్పులవాళ్ళు కాచుకొని ఉన్నా, దర్జా తగ్గించని మనిషి. ఒకప్పుడు నాటకాలలో భక్త రామదాసు వేషానికి పేరుపడిన నటుడికి ఇటువంటి రామదాసు దొరకడం కాకతాళీయమే అయినా, ఖజానా సొమ్ము రాముడికి ఖర్చుపెట్టి చెరసాల పాలైన ఆ రామదాసునూ, ఊరందరి సొమ్మూ తన బతుక్కి ఖర్చుపెట్టి హాయిగా తిరిగే ఈ రామదాసునూ ఒకే గొంతులో ఊహించుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

ఆయన 1963 అక్టోబరు 8న కన్నుమూశాడు. యాభై ఆరేళ్ళు పెద్ద వయసేమీ కాదు. ప్రగడ మంత్రి అప్పటికి రెండేళ్ళ పాతవాడు. సి.ఎస్.ఆర్.ను కొత్తగా చూడబోయేవారికి అందరూ ముందు శకునిని చూపిస్తారు, నేనైతే ‘చక్రపాణి’ చూడమంటాను. అక్కడ ఆయనకు కావలసినంత నిడివి ఉన్నది, పక్కన దృష్టి మళ్ళించే మాయలూ మంత్రాలూ లేవు. ఆ ముసలాయన లక్ష రూపాయల సంగతి మొదటిసారి ఎత్తే సన్నివేశాన్ని ఒకసారి మామూలుగా చూసి, రెండోసారి తెర వైపు చూడకుండా వినండి.