దోంగ్ హో ఊళ్లో నా చేత్తో వేసిన అచ్చు బొమ్మ

వియత్నాం రాజధాని హనోయ్‌లో ఉద్యోగం చేసే మాకు దోంగ్ హో అనే ఊరు పెద్ద దూరమేం కాదు, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. బాక్ నిన్ వైపు, నది ఒడ్డున ఉంటుంది. టెట్, అంటే వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం వచ్చిందంటే, ఒకప్పుడు ఇళ్ల గోడల మీద ఈ ఊళ్లో చెక్క అచ్చులతో కాగితం మీద వేసే బొమ్మలే ఉండేవట. ఇప్పుడు ఊళ్లో చాలామంది పూజల్లో కాల్చే కాగితపు సామాన్ల పనిలోకి మళ్లారు. బొమ్మలు వేసే కుటుంబాలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో యునెస్కో ఈ కళని వెంటనే కాపాడుకోవాల్సిన వాటిలో చేర్చింది. అందుకే కొనుక్కుని ఊరుకోకుండా, ఒక బొమ్మైనా నా చేత్తో వేయాలని గట్టిగా అనుకున్నాను. ఒక పెద్దాయన ఒప్పుకున్నారు. ఆయన మాటలు నాకూ, నా మాటలు ఆయనకీ మా ఆఫీసమ్మాయి చెప్పింది.

ముందు కాగితం. ‘జో’ అనే చెట్టు బెరడుని సున్నపునీళ్లలో నానబెట్టి, ఉడికించి, దంచి, ఆ గుజ్జుని నీళ్లలోంచి పల్చటి పొరగా ఎత్తుతారు. నాకు తయారైన కాగితమే ఇచ్చారు. నలిపితే గుడ్డలా మెత్తగా ఉంది. దాని మీద ఆల్చిప్పల పొడి కలిపిన గంజిని, పైన్ ఆకులతో కట్టిన వెడల్పాటి కుంచెతో, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్క ఊపులో పూయాలి. ఆకులు గీసిన సన్నటి చారలు అలాగే నిలుస్తాయి. ఆరాక ఎండకి కాస్త వాల్చి చూస్తే మిలమిల! నన్నడిగితే బొమ్మకంటే ముందు చూడాల్సింది ఇదే.

నాకిచ్చింది తల్లి పంది, ఐదు పిల్లల బొమ్మ. ఇల్లు పిల్లాపాపలతో, సిరితో కళకళలాడాలని పెట్టుకునేది. రంగుకో చెక్క అచ్చు ఉంటుంది. ఎరుపు రాళ్లు నూరి తీస్తారు, పసుపు ఎండు పూమొగ్గల నుంచి, నలుపు వెదురాకులు కాల్చిన బొగ్గు నుంచి వస్తాయి. అచ్చుకి రంగు పట్టించి కాగితం మీద నొక్కి, కాగితంతో సహా ఎత్తి తిరగేసి, వెనకవైపు పీచుతో రుద్దాలి. ఆ పీచు ఏంటో అనుకునేరు, మా అమ్మమ్మ ఒళ్లు రుద్దిన నేతిబీర పీచే!

ఒక రంగు ఆరితే గానీ రెండోది వేయకూడదు. మధ్యలో మబ్బు పట్టేసరికి నాకు టెన్షన్. పెద్దాయన మాత్రం నింపాదిగా టీ పోశారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అయ్యేసరికి రంగు మచ్చలు తప్ప పంది జాడే లేదు. నల్ల గీతల అచ్చు ఆఖర్న. రుద్ది, కాగితం మూల పట్టుకుని మెల్లగా లాగుతుంటే ముందు తోక వచ్చింది, తర్వాత ఒంటి మీది సుడి, ఆ వెనకే పిల్లలు ఒక్కొక్కటీ. గీతలన్నీ రంగుల మీద సరిగ్గా కూర్చున్నాయి. నాకు నోట మాట రాలేదు.

మీరెవరైనా అక్కడి బొమ్మ తెచ్చుకుంటే లామినేషన్ మాత్రం చేయించకండి. ఆల్చిప్పల మెరుపు అంతా ప్లాస్టిక్ కింద చచ్చిపోతుంది. నేను అద్దం ఫ్రేమే కట్టించాను, అదీ బొమ్మకి తగలకుండా కాస్త ఎడం పెట్టించి.