పీపాలు దొర్లించినాయన

ప్రాగ్‌లో ఫ్లైట్ నాలుగు గంటలు లేటు. తిట్టుకుంటూ కూర్చున్నా. ఈ ఎయిర్‌పోర్టుకి పేరున్న వాత్స్లావ్ హావెల్ ఎవరా అని ఫోన్లో చదవడం మొదలుపెట్టా. కాఫీ చల్లారిపోయింది.

ఆయన నాటకాలు రాసేవాడు. 1968లో అప్పటి చెకోస్లొవేకియాలోకి సోవియట్ ట్యాంకులు దిగాక ఆ నాటకాల్ని నిషేధించారు. 1974లో ఓ బీరు ఫ్యాక్టరీలో పీపాలు దొర్లించాడు. 1977లో మానవ హక్కులు అడుగుతూ 'చార్టర్ 77' అనే ప్రకటన తెచ్చినవాళ్లలో ఒకడు. ఇక కమ్యూనిస్టు ప్రభుత్వం వదుల్తుందా? 1979 నుంచి దాదాపు నాలుగేళ్లు జైలు. అక్కణ్నుంచి భార్య ఓల్గాకి వారానికి ఒక్క ఉత్తరం. నాలుగు పేజీలు దాటకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. మా ఆవిడకి నేను పెట్టే 'ఓకే', 'వస్తున్నా' మెసేజ్‌లు గుర్తొచ్చి సిగ్గేసింది.

1989 మొదట్లో మళ్లీ జైలు. కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక, అదే ఏడాది డిసెంబర్ 29న చెకోస్లొవేకియా అధ్యక్షుడు! మధ్యలో గడిచింది కొన్ని నెలలే. 1992లో దేశం రెండుగా చీలుతుంటే ఆపలేక రాజీనామా చేశాడు. అది ఓటమే, నా లెక్కలో. కానీ ఆ చీలిక తుపాకీ పేలకుండా జరిగింది. తర్వాత 2003 దాకా చెక్ రిపబ్లిక్ అధ్యక్షుడు.

ప్రమాణ స్వీకారం రోజు ఆయన ప్యాంటు పొట్టిగా ఉందని జనం నవ్వుకున్నారట. బోర్డింగ్‌కి పిలిచారు, నేనింకా ఆ ఫొటో వెతుకుతూనే ఉన్నా.