నీలం బకెట్

పదకొండున్నర అయింది. మావారు లైటు ఆర్పమని రెండుసార్లు అన్నారు. మోకాలికి కాపడం పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి ఇంకో అరగంట నన్నెవరూ ఏమీ అనలేరు. ఈ లోపల ఒక నీలం బకెట్ గురించి రాసెయ్యాలి. లేకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

వెళ్ళాను. వెళ్ళను వెళ్ళను అంటూనే వెళ్ళాను. ఈ వయసులో ఫోటోవాక్ ఏంటని, గుంపుగా వీధుల్లో నడుస్తూ ఫోటోలు తీయడమేంటని ఇంట్లో వారమంతా నవ్వారు. ఎక్కువ నవ్వినవాడి కెమెరానే మెళ్ళో వేసుకుని పోయాను. అది కొన్నప్పుడు వాడు చేసిన హడావుడి ఇంతా అంతా కాదు, తర్వాత అది బీరువాలో ఎన్నాళ్ళు నిద్రపోయిందో చెప్పక్కర్లేదు.

మూడున్నరకి హైదరాబాద్ పాతబస్తీలో మదీనా సెంటర్ దగ్గర కలవాలన్నారు. ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర మెట్రో దిగితే ఆటో అతను నూటయాభై అన్నాడు. పంతానికి పోయి నయాపూల్ వంతెన మీదుగా నడిచాను. మూసీ కంపు, ఎండ, మోకాలు. అక్కడికి చేరేసరికే సగం ప్రాణం పోయింది. ఇరవై రెండు మందిమి. నా ఈడు ఆవిడ ఇంకొకరే ఉన్నారు, హమ్మయ్య అనుకున్నాను. పత్తర్‌గట్టి బజారులో ఒక చీరల షాపు దగ్గర ఆగిన ఆవిడ మళ్ళీ కనపడలేదు. తెలివైన మనిషి.

నడిపించే కుర్రాడు మంచివాడే. బాగా చదువుకుని వచ్చాడు. చార్మినార్ 1591 అని అందరికీ తెలిసిందే మళ్ళీ చెప్పాడు గానీ, తెలియనివి కూడా చెప్పాడు. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వాళ్ళు ఈ పత్తర్‌గట్టి రాతి కమాన్లు కట్టించారట. ఇన్నేళ్ళుగా చీరలకీ పెళ్ళి బట్టలకీ వస్తున్నానే, ఒక్కసారి తలెత్తి చూడలేదు. మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ అషుర్‌ఖానాకి కూడా తీసుకెళ్ళాడు. చెప్పులు విప్పి లోపలికి పోతే ఎదురుగా గోడ నిండా రంగురంగుల పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ. నాలుగు వందల ఏళ్ళ నాటివి. కింది వరసలో కొన్ని వరదలో పోతే, వాటి స్థానంలో అచ్చం అలాగే రంగులతో వేశారని చెప్పాడు. ఏది పలకో ఏది రంగో దగ్గరికెళ్ళి చూశాను. మెరుపు తేడా తెలుస్తుంది. అక్కడ పది నిమిషాలు ఎంత ప్రశాంతంగా ఉందో. ఒక్క ఫోటో తీయలేదు, తీయాలనిపించలేదు. అంతే, అక్కడితో అయిపోయింది నా ప్రశాంతత.

తెల్ల లెన్సాయన గురించి చెప్పాలి. పేరు అడగలేదు. చెంబంత తెల్ల లెన్సు, ఒంటినిండా జేబులున్న చొక్కా. గుల్జార్ హౌజ్ దాటగానే టీ బండి దగ్గర మొదలెట్టాడు. "భయ్యా, పై నుంచి పొయ్యి." పోశాడు. "ఆవిరి రాలేదు, ఇంకోసారి." మళ్ళీ పోశాడు. "ఇటు చూడకు, టీ వైపు చూడు." నాలుగుసార్లు పోయించాడు. పక్కన టీ కోసం నిలబడ్డ ముసలాయన గ్లాసు కోసం చెయ్యి చాపి, వెనక్కి తీసి, మళ్ళీ చాపాడు. మావాళ్ళు ఎనిమిది మంది చుట్టూ చేరి టకటకమని కొడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. టీ తాగేవాడికి టీ ఇవ్వనివ్వరా?

లాడ్ బజార్‌లో ఇంకా అన్యాయం. గాజులు చూసుకుంటున్న ఆడవాళ్ళ వైపు లెన్సు తిరగ్గానే ఒకామె దుపట్టా మొహం మీదికి లాక్కుంది. ఇంకొకామె వెనక్కి తిరిగింది. "నాచురల్‌గా వస్తుంది, అలాగే ఉండండి" అంటాడు! అంతకు ముందే ఆ కుర్రాడు రాజా దీన్‌దయాళ్ గురించి చెప్పి ఉన్నాడు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన 1892లో పరదాలో ఉండే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టించాడట. ఫోటోలు తీసేది కూడా ఆడమనిషే. ఇదంతా విని "వావ్" అన్నవాళ్ళలో తెల్ల లెన్సాయన గొంతే పెద్దది. విన్నది అరగంట కూడా నిలవలేదు.

ఇక బకెట్. లాడ్ బజార్ నుంచి పక్క సందులోకి, అందులోంచి ఇంకో సందులోకి తిప్పాడు కుర్రాడు. ఒక చిన్న కొట్టు. ఒక తాత లక్క గాజులు చేస్తున్నాడు. బొగ్గుల మీద లక్క ముద్ద మెత్తబడుతుంటే దాన్ని పొడుగ్గా సాగదీసి, వంచి, అంచులు అతికించి, వేడి చల్లారకముందే చిన్న చిన్న అద్దాలు ఒకటొకటిగా అద్దుతున్నాడు. ఆ వేళ్ళకి కాలదా అని చూస్తూ ఉండిపోయాను. ఆయన పక్కన నీలం ప్లాస్టిక్ బకెట్, సగం నీళ్ళు, ఒక మగ్గు. "అంకుల్, ఆ బకెట్ తీసేద్దామా, ఫీల్ పోతోంది" అని, ఆయన ఊఁ అనేలోపే జరిపేశాడు తెల్ల లెన్సాయన. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించమన్నాడు. బొగ్గుల వైపు చూడమన్నాడు. తాత అన్నీ చేశాడు. చేతిలో లక్క గట్టిపడిపోతే మళ్ళీ బొగ్గుల మీద పెట్టుకున్నాడు. నేనూ ఒకటి తీశాను. "ఫ్రేమ్ నింపండి మేడమ్, దగ్గరికి రండి" అంటే దగ్గరికెళ్ళి తీశాను.

మేం కదులుతుంటే నా వైపు చూసి అడిగాడు తాత. "ఫోటో నాకు ఇస్తరా అమ్మా? మనవరాలికి చూపిస్త." తప్పకుండా ఇస్తానన్నాను. ముందు వాళ్ళు మలుపు తిరిగిపోతున్నారని పరిగెత్తాను. నంబరు తీసుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ లెన్సాయన్ని మావారి ముందు ఏకిపారేశాను. పప్పు వడ్డిస్తూ కూడా అదే. ఆయన అంతా విని, "మీ నాన్నగారు సోడాబండి జరిపించిన కథ నువ్వే కదా చెప్పావు" అన్నారు. తినేటప్పుడు చెప్పాల్సిన మాటేనా అది?

నాకు ఏడేళ్ళు. సూర్యాపేట నుంచి బస్సులో హైదరాబాద్ వచ్చాం. నాన్న దోస్తు దగ్గర ఒక డబ్బా కెమెరా అడిగి తెచ్చాడు. రీలుకి పన్నెండు ఫోటోలు. వెనకాల ఎర్రటి చిన్న కిటికీ, అందులో అంకె కనపడుతుంది. తీసిన ప్రతిసారీ కెమెరా చెవి తిప్పి తర్వాతి అంకె తెచ్చుకోవాలి. పన్నెండంటే పన్నెండే, అందుకని నాన్న ఆ రోజు మమ్మల్ని ఊపిరి కూడా ఖర్చు పెట్టనివ్వలేదు. చార్మినార్ ముందర అమ్మని ఎండలో నిలబెట్టి, పక్కకి జరుగు, కొంగు సర్దుకో, నవ్వు, నవ్వకు అని పావుగంట. తమ్ముడు ఏడుస్తున్నాడు. అమ్మకి గాజుల కొట్లు మూస్తారేమోనని బెంగ. మట్ట మధ్యాహ్నం కొట్లెవరు మూస్తారు? ఆ మాట నాన్న అంటే అమ్మ మొహం ఇంకా మాడ్చుకుంది. ఇక ఆ మొహం వద్దని నాన్న అమ్మని పక్కకి తప్పుకోమని ఉత్త చార్మినార్ తీశాడు. తీసేముందు అడ్డంగా ఉన్న సోడాబండిని జరపమన్నాడు. బండాయన గొణుక్కుంటూ సీసాలన్నీ గలగలలాడుతుండగా జరిపాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. జరిపించుకున్నందుకు నాన్న నాలుగు గోలీసోడాలు కొన్నాడు, అదీ గుర్తుంది.

ఆ గొడవలో చెవి తిప్పడం మర్చిపోయాడు. తర్వాత పబ్లిక్ గార్డెన్స్‌లో అమ్మ బెంచీ మీద కూర్చుని, కొత్త గాజులు వేసుకుని నవ్వుతున్నప్పుడు నొక్కాడు. రీలు కడిగించి తెస్తే ఒకే కాగితం మీద రెండూ. అమ్మ ఒంట్లోంచి మినార్లు మొలిచాయి. సరిగ్గా నుదుటి మీద బొట్టు ఉండాల్సిన చోట చార్మినార్ గడియారం. 1889లో పెట్టిన గడియారాలట అవి, ఇవాళే తెలిసింది. మా అమ్మ నుదుటికి మాత్రం అప్పట్నుంచీ ఉంది. "దేవుడు నుదుట రాత రాస్తడు, మీ నాయిన గడియారం రాసిండు" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేది. నాన్నకి భలే చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అమ్మ సూట్‌కేసులో నాన్న తీసిన వాటిలో బాగా అరిగిపోయింది అదొక్కటే.

ఇందాక ఫోన్ చేసి అడిగాను. "గా దయ్యం ఫోటోనా? ఉన్నది బిడ్డా, యాడికి పోతది. గింత రాత్రి దాంతోని నీకేం పని?" అంది.

సరే, నాన్నదీ తెల్ల లెన్సాయనదీ ఒకటే అని ఒప్పుకోను. నాన్న సోడాలు కొన్నాడు. కానీ నిజం రాయాలంటే తెల్ల లెన్సాయన కూడా టీ బండి దగ్గర అందరికీ టీ చెప్పి డబ్బులు తనే ఇచ్చాడు. నేను తాగాను, బిస్కెట్ ముంచుకుని మరీ తాగాను. గాజుల తాత దగ్గర కూర్చుని, కెమెరా వెనక బొమ్మ పెద్దది చేసి ఆయనకి చూపించాడు కూడా. తాత కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "అచ్ఛీ ఆయీ" అన్నాడు. నేను ఏమీ చూపించలేదు. పళ్ళికిలించి, మాటిచ్చి, పరిగెత్తాను. మరి నేనెందుకింత కోపంగా ఉన్నాను? బకెట్ జరిపినందుకే. ఇప్పటికీ అది తప్పే అంటాను. ఆ నీళ్ళు ఆయన చేతికి అందేట్టు పెట్టుకున్నవి. మేం వచ్చేసేటప్పటికి కూడా గోడవారే ఉంది, ఎవరూ తిరిగి పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఇంతకీ నిద్ర పట్టనిది ఎందుకంటే, కాసేపటి క్రితం నా ఫోటో ల్యాప్‌టాప్‌లో తెరిచాను. ఫోకస్ తాత మీద లేదు, వెనక గోడ మీద కూర్చుంది. అందుకని కొట్టు బోర్డు మాత్రం నీట్‌గా వచ్చింది. దాని మీద ఫోన్ నంబరు. ఎనిమిది అంకెలు. చివరి రెండూ ఫ్రేమ్ బయట. ఫ్రేమ్ నింపమన్నారు కదా, నింపాను. నేరుగా వెళ్ళి ఇవ్వచ్చు కదా అంటారు మావారు. ఏ సందులోంచి ఏ సందులోకి తిరిగామో నాకు తెలిస్తే కదా. కుర్రాణ్ణి అడిగాను, "మొత్తం పది కొట్లు చూశాం కదా మేడమ్, ఏదో గుర్తులేదు" అన్నాడు.

గ్రూపులో తెల్ల లెన్సాయన తాత ఫోటో పెట్టాడు. బాగుంది. బాగుందని రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ, వేళ్ళూ అద్దం ముక్కా నిప్పు వెలుగూ చాలా బాగున్నాయి. వెనకంతా వెన్నలా కరిగిపోయింది, బోర్డుతో సహా. అయితే ఆయన సందులోకి రాగానే, బకెట్ జరపకముందే, దూరం నుంచి రెండు మూడు కొట్టడం నేను చూశాను. వాటిలో కొట్టు మొత్తం వచ్చి ఉండాలి.

ఇప్పుడే మెసేజ్ పెట్టాను. "నమస్తే సర్, గాజుల తాత కొట్టు దగ్గర మీరు ముందు తీసినవి, బకెట్ ఉన్నవి, డిలీట్ చేశారా?"

రెండు టిక్కులు పడ్డాయి, నీలం కాలేదు. కాపడం సంచీ చల్లారిపోయింది. రేపు నీళ్ళొచ్చే రోజు, అయిదింటికే లేవాలి.